ఉమ్మితో అతికిన ఊలు

2 మే, మంగళవారం

మొదటి క్లాసు. రెండు సూదులూ విరిచేశాను.

కావాలని విరవలేదు. ఊలు కొట్టు కోరల్ చూపించినట్టే పట్టుకున్నాను. వెదురు సూదులు, సన్నవి. అప్పుడే బల్లకి అవతల కూర్చున్న మనిషి తల ఎత్తింది. నోలీన్ స్కెరిట్. ఫిబ్రవరిలో నేను దవడ విరగ్గొట్టిన లిండ్సే స్కెరిట్ పెళ్ళాం. చూడగానే పిడికిలి బిగిసింది. పిడికిట్లో సూదులున్నాయి. అంతే.

నోలీన్ పకపకా నవ్వింది. ఏం రేలీన్, సూదులకి కూడా దవడలున్నాయా అంది.

కోరల్‌కి డెబ్బై నాలుగేళ్ళు. అరవలేదు. లోపలికెళ్ళి ఒక జత ఇనప సూదులు తెచ్చి నా ముందు పడేసింది. ఇవి మా అమ్మవి, వీటిని విరిచి చూపించు, కొట్టు నీ పేర రాసిస్తా అంది.

విరవలేకపోయాను. ప్రయత్నించాను కూడా.

ఎందుకొచ్చానో రాయాలి కదా. కోర్టు వారానికోసారి ఏదో ఒక గుంపులో కూర్చోమంది, పన్నెండు వారాలు. కోపం తగ్గించే క్లాసు లాన్సెస్టన్‌లో ఉంది, అంత దూరం కారు నడుపుకెళ్ళడానికి నాకిప్పుడు లైసెన్సు లేదు. ఊళ్ళో ఉన్నవి రెండే. చర్చిలో పాటలు, కోరల్ కొట్లో అల్లికలు. నాకు పాటలు రావు. కోర్టు పెట్టిన సూపర్‌వైజర్ అమ్మాయి ఈ నోటుబుక్కు చేతిలో పెట్టి రాస్తూ ఉండమంది. ఎవరికీ చూపించక్కర్లేదట. అయితే నిజమే రాస్తాను.

ముప్పై ఏళ్ళు గొర్రెల ఒంటి మీద నుంచి ఊలు తీశాను. అది తర్వాత ఏమవుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

3 మే

పిడికిలి బిగించడం తప్ప ఇంకేమీ రాదు ఈ చేతులకి.

9 మే, మంగళవారం

ఇరవై కుట్లు ఎక్కించాను. ఎంత బిగుతుగా ఉన్నాయంటే సూది కదిలిస్తే కీచుమంటోంది. కోరల్ వచ్చి వేలితో తట్టి చూసింది. ఇది అల్లిక కాదు, గొంతు పిసకడం అంది.

ఆ తర్వాత ఆవిడ అన్న మాట మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. గొర్రెని ఎలా పట్టుకుంటావో చెప్పవే అంది. చెప్పాను. మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టాలి. బలం చూపిస్తే తన్నుతుంది. దాని బరువు దాని తుంటి మీదే ఉండేలా చూస్తే చాలు, మెడ వాల్చేసి పడి ఉంటుంది. ఎడమ చేత్తో చర్మం సాగదీస్తూ ఉండాలి, లేకపోతే కోసేస్తాం. ఊలు తీసే మంచి షియరర్ చేతిలో గొర్రె సగం నిద్రపోతుంది.

మరి గొర్రెతో అంత నేర్పున్నదానివి మనుషుల దగ్గర ఏమయిందే నీకు అంది కోరల్.

నోలీన్ ఆ మాటకి తల ఎత్తి నా వైపు చూసింది, జవాబు కోసం. ఊలు బంతి విసిరి కొట్టాను. గోడకి. గోడకే.

11 మే

లిండ్సే సంగతి. గొర్రెల ఊలు తీసే షెడ్‌లో టీ బ్రేక్. నా నడుం పట్టేసింది, లేవలేకపోయాను. ఈ ముసలి గొర్రెని ఇక కసాయికి తోలెయ్యాల్సిందే అన్నాడు. అందరూ నవ్వారు. మొదటి గుద్దుకే పడిపోయాడు. రెండోది పడ్డాక గుద్దాను. కోర్టులో వాళ్ళందరూ ఆ రెండోదాని గురించే అడిగారు. మొదటిదానికి ఎవరికీ పెద్ద అభ్యంతరం ఉన్నట్టు లేదు.

టక్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నచ్చింది. నిజమే రాస్తానన్నాను కదా.

14 మే, ఆదివారం, మదర్స్ డే

టామ్సిన్ ఫోన్ చేసింది. నాలుగేళ్ళ తర్వాత. నా కూతురు.

అమ్మా అనలేదు. రేలీన్ అంది. కడుపుతో ఉందట. జూన్ చివర్లో కాన్పట. నీకు చెప్పాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించా అంది. గొంతు వణకలేదు. కాగితం మీద రాసుకుని చదువుతున్నట్టుంది.

నా కోర్టు సంగతి, క్లాసు సంగతి అంతా విన్నదట. రెండు షరతులు పెట్టింది. ఆ కోర్టు పన్నెండు వారాలూ ఎవరి మీదా చెయ్యి పడకూడదు, ఒక్కసారి కూడా. రెండోది, నాతో అబద్ధం చెప్పకూడదు. అలా ఉంటే ఆఖరి క్లాసు రోజున, పద్దెనిమిది జులైన, బిడ్డని కోరల్ కొట్టుకి తెస్తుందట. ఒక గంట. కోరల్ ఎదురుగా. నా ఇంటికి మాత్రం రాదు.

సరే అన్నాను. ఇంకేదో అనబోయాను, పెట్టేసింది.

15 మే

వంటింటి గోడకి కన్నం పెట్టాను. మోచేతి దాకా లోపలికి పోయింది. గోడ మనిషి కాదు, లెక్కలోకి రాదు.

16 మే, మంగళవారం

పొత్తిళ్ళకి శాలువా అల్లుతానని కోరల్‌తో చెప్పాను. వరుసకి నూట ముప్పై రెండు కుట్లు. నీకు రెండు వారాల అనుభవం, నీ మొహానికి శాలువా ఎందుకు, టోపీ చెయ్యి అంది. శాలువా అన్నాను. ఏమనుకుందో, లోపల్నుంచి మెరీనో గొర్రె ఊలు తీసుకొచ్చింది. పాలమీగడ రంగు. అమ్మలు ఈ కాలంలో అన్నీ మెషీన్లో పడేస్తారు, ఇదయితే ఎన్నిసార్లు ఉతికినా ముడుచుకోదు అని చెప్పింది. నేను సరిగ్గా వినలేదు. మెరీనో గురించి నాకు ఇంకొకరు చెప్పేదేమిటి. పది లక్షల గొర్రెలు దాటుంటాయి ఈ చేతుల్లోంచి. సరే, అంత కాదు. అందులో సగం.

నోలీన్ ఊరుకోదుగా. శాలువా బావుంటుందే, కానీ అందులో చుట్టడానికి పిల్లని నీ చేతికెవరిస్తారే అంది.

కుర్చీ వెనక్కి పడింది. నేనెప్పుడు లేచానో నాకు తెలీదు. కోరల్ మా ఇద్దరి మధ్యకి టీ ట్రే తెచ్చి పెట్టింది. కూర్చో, కుట్లు జారతాయి అంది. సూది వైపు చూశాను. నిజంగానే మూడు జారాయి. కూర్చున్నాను.

23 మే, మంగళవారం

ఇవాళ నోలీన్ నోటికి అడ్డూ అదుపూ లేదు. లిండ్సే దవడకి తీగలు బిగించిన ఆరు వారాలూ ఏం తాగాడో వరుసగా చెప్పింది. గుమ్మడికాయ సూప్. బఠాణీ సూప్. మటన్ మిక్సీలో వేసి, నీళ్ళలా చేసి, స్ట్రాతో. చెప్తున్నంతసేపూ నన్నే చూసింది. కోపంగా చూసిందనే అనుకున్నాను. ఆ చూపులో ఇంకేదో ఉంది, నాకు అంతుపట్టలేదు.

పదకొండు వరుసలు.

30 మే, మంగళవారం

మొదటి ఊలు ఉండ అయిపోయింది. రెండో ఉండ కొన ఎలా కలపాలో కోరల్ అందరికీ చూపిస్తోంది. రెండు కొనలూ వదిలేసి, తర్వాత సూదితో వెనకవైపు కుట్లలోకి దూర్చాలట, ఒక్కో కొనకీ పదేసి కుట్లు. ఎవరికుంది అంత ఓపిక.

మా నాయనమ్మ షెడ్ పనికి వేసుకునే మేజోళ్ళు అల్లేది. ఆవిడ కొనలు దూర్చడం నేనెప్పుడూ చూడలేదు. రెండు కొనలూ కాస్త పీకి పల్చగా చేసేది, తుపుక్కున అరచేతిలో ఉమ్మేది, రెండూ కలిపి గట్టిగా రుద్దేది. అయిపోయింది. ఒకటే దారం. ఎక్కడ అతికిందో కనిపెట్టలేం. ఊలుకి ఊలే జిగురు. మా ఊళ్ళో గొర్రెల కాపరి ఇళ్ళల్లో ఇది పుట్టిన పిల్లకి కూడా తెలుసు.

కోరల్ ఎవరో కొనడానికొస్తే వెళ్ళింది. నేను ఉమ్మి, రుద్ది, అతికేశాను. నోలీన్ ఛీ అంది. నీ ఉమ్మి పిల్లకి చుడతావా అంది. నువ్వు నోరుమూసుకుని నీ మొగుడి నోట్లో సూప్ పొయ్యి అన్నాను. మాట చెయ్యి కాదు. లెక్కలోకి రాదు.

3 జూన్, శనివారం

పబ్‌లో అల్లుకుంటూ కూర్చున్నాను. బుద్ధి తక్కువై. ఒక ట్రక్కు డ్రైవరు, మన ఊరివాడు కాదు, వెనక నుంచి వచ్చి ఉండ లాక్కుని, కొన పట్టుకుని బార్ చుట్టూ పరిగెత్తాడు. అందరూ ఈలలు.

లేచి వాడి దాకా వెళ్ళాను. వాడి గొంతులో ముడి ఎక్కడుందో చూసుకున్నాను. ఎక్కడ కొట్టాలో, ఎలా పడతాడో, బల్ల అంచు ఎక్కడ తగులుతుందో అంతా కనపడింది. నా చెయ్యి నా నోట్లో పెట్టుకుని కొరికాను. రక్తం వచ్చేదాకా. వాడి మొహం పాలిపోయింది. ఉండ బల్ల మీద పెట్టి బయటికి పోయాడు.

నా చెయ్యి నాదే. లెక్కలోకి రాదు. ఊలు మీద రక్తం పడకుండా చూసుకున్నాను.

11 జూన్, ఆదివారం

ఫ్రీజర్ ఖాళీ. ఒక ముసలి గొర్రెని కోశాను. మోకాలితో అదిమి, గడ్డం వెనక్కి వంచి, చెవి కింద నుంచి ఒకటే కోత, తర్వాత మెడ వెనక్కి విరిచెయ్యడం. నాలుగు తన్నులు తన్నింది, అయిపోయింది. రక్తం గడ్డి మీద పొగలు కక్కింది. తోలు పిడికిలితో ఒలిచాను.

ఇప్పుడు రాస్తుంటే ఒకటి తోచింది. గొర్రెని చంపేటప్పుడు నాకు కోపం రాదు. ఎప్పుడూ రాలేదు. చెయ్యి నెమ్మదిగా, శుభ్రంగా వెళ్తుంది. మనుషుల మీదకే ఆ వెర్రి. అంటే ఆపుకోలేనని కాదు. ఇన్నాళ్ళూ ఆపుకోలేదు.

13 జూన్, మంగళవారం

కుట్లు సమంగా వస్తున్నాయి. కోరల్ శాలువా ఎత్తి వెలుగులో పట్టుకుని చూసింది. ఇదిగో ఇక్కడ బిగుసుకుపోయావు, ఏమైంది ఆ రోజు అంది. లెక్క చూస్తే పబ్ రోజు. ఇక్కడో అంది. పిల్లని నీ చేతికెవరిస్తారని నోలీన్ అన్న రోజు. నేను ఈ నోటుబుక్కు అనవసరంగా రాస్తున్నాను, అంతా అక్కడే ఉంది.

మూడో ఉండ కూడా ఉమ్మితోనే కలిపాను. ఎవరూ చూడలేదు.

18 జూన్, ఆదివారం

టామ్సిన్ మోచేతి సంగతి ఇంతవరకూ రాయలేదు.

దానికి పదకొండేళ్ళు. గేటు తీసి వదిలేసింది. పొట్టేళ్ళు వెళ్ళి ఆడ గొర్రెల మందలో పడ్డాయి. ఆ ఏడాది ఈతలన్నీ చలికాలం మధ్యలో, సగం పిల్లలు చచ్చాయి. కానీ అది తర్వాత సంగతి. ఆ రోజు నేను కేక వెయ్యగానే అది పరిగెత్తి బాత్‌రూంలో దూరి గొళ్ళెం పెట్టుకుంది. తలుపు తన్నాను. నాలుగోసారికి గొళ్ళెం ఊడింది. అది తలుపుకి వీపు ఆనించి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి గొళ్ళెం పట్టుకుని ఉంది. నాకు తెలీదు. తెలిస్తే తన్నేదాన్ని కాదా అంటే, ఏమో.

ఆ మోచెయ్యి మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా చాపలేకపోయింది.

ఆస్పత్రిలో నర్సు ఎలా అయిందమ్మా అంది. పొట్టేలు గుద్దింది సిస్టర్ అంది నా కూతురు. రెప్ప వెయ్యలేదు. తెలివైన పిల్ల అనుకున్నాను. గర్వపడ్డాను. అది రాయడానికే ఇన్ని పేజీలు పట్టింది.

25 జూన్

ఆడపిల్ల. మూడు కిలోల మూడొందలు. టామ్సిన్ మెసేజ్ పెట్టింది. పేరు చెప్పలేదు. పద్దెనిమిదో తారీఖు దాకా ఇలాగే ఉండు అని ఉంది చివర.

ఇలాగే ఉన్నాను. నలభై ఎనిమిది అడుగుల షెడ్ అంతా ఊడ్చి కడిగాను. ఊరికే. ఏడ్చాను కూడా.

4 జులై, మంగళవారం, సాయంత్రం 4

చేతులు కడుక్కున్నాను. వరుసగా రాస్తాను.

శాలువా కోరల్ కొట్లోనే బుట్టలో పెట్టి వచ్చాను పోయిన వారం. ఇవాళ వెళ్ళేసరికి నోలీన్ ముందే వచ్చి ఉంది. శాలువా దాని చేతుల్లో ఉంది, బల్ల మీద పరిచి చూస్తోంది. పక్కన కత్తెర. శాలువా మధ్యలో పిడికిలి పట్టేంత కన్నం. కన్నం నుంచి కిందకి నిచ్చెన మెట్లలా కుట్లు జారిపోయి ఉన్నాయి. ఇంకోచోట ఇంకో కన్నం మొదలవుతోంది.

నోలీన్ ఏదో అనబోయింది. నేను విన్లేదు. బుట్టలోని ఇనప సూది ఎప్పుడో నా చేతిలోకి వచ్చింది. దాని కుడి చెయ్యి బల్ల మీద పరిచి ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దించాను. అవతల చెక్కలోకి దిగి నిలబడింది సూది.

నోలీన్ అరవలేదు. ఎంత విచిత్రం. సూది పట్టుకుని ఊపుతున్నాను. ఎందుకు కోశావే, ఎందుకు కోశావే అంటున్నాను. రక్తం శాలువా అంచు దాకా పాకింది. కోరల్ వచ్చి నా చెంప మీద కొట్టింది. నన్ను తిరిగి కొట్టని మనిషిని కొట్టడం నాకు అలవాటు. కొట్టించుకోవడం మర్చిపోయాను. చెయ్యి వదిలేశాను.

సూది లాగింది కోరల్. నోలీన్ చేతికి తువ్వాలు చుట్టింది. తర్వాత శాలువా తీసుకుని, కన్నం దగ్గర దారం కొన పట్టుకుని నా కళ్ళ ముందు పెట్టింది. చూడు అంది. నువ్వే చూడు, ముప్పై ఏళ్ళు చూశావుగా, ఇది కత్తెర కొనా అంది.

కత్తెర కొన మొండిగా ఉంటుంది. ఇది ఎలక తోకలా పోనుపోను సన్నబడి, నూగు నూగుగా ఉంది. రెండో కొన కూడా అంతే. పీకి పల్చగా చేసిన కొనలు. నా వేళ్ళతో నేను పీకినవి.

దీన్ని ఉమ్మితో అతికావా అంది కోరల్. తల ఊపాను. మెషీన్లో ఉతికే ఊలే ఇది, ముడుచుకోకుండా దాని గరుకంతా ఫ్యాక్టరీలో తీసేస్తారు, పట్టుకోడానికి దానికి ఏమీ మిగల్దు, ఉమ్మినా ఏడ్చినా అతకదు, నీకు చెప్పాను కదే అంది.

చెప్పింది. పదహారు మే. నేను వినలేదని ఇందులోనే రాసుకున్నాను.

ఎవరూ కొయ్యలేదు. నోలీన్ బల్ల మీద పరవగానే అతుకు జారిపోయింది. ఆ కత్తెర కోరల్‌ది, రోజూ అక్కడే ఉంటుంది.

4 జులై, సాయంత్రం 6

క్లినిక్ సంగతి విడిగా రాయాలి.

కోరల్ కారు నడిపింది. నేను వెనక కూర్చున్నాను, ఎవరూ రావద్దనలేదు. నర్సు గాయం కడుగుతూ ఎలా అయిందని అడిగింది. ఇక పోలీసులు, కోర్టు, పద్దెనిమిదో తారీఖు అంతా పోయిందనుకున్నాను.

నా చేతకానితనం సిస్టర్, అల్లుతుంటే సూది జారింది, ఈ చేతులకి వయసొచ్చేసింది అంది నోలీన్. నవ్వింది కూడా. రెప్ప వెయ్యలేదు.

ఆ గొంతు నాకు తెలుసు. పొట్టేలు గుద్దింది సిస్టర్.

బయట కారు దగ్గర అడిగాను, ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావే అని. ఇరవై ఆరేళ్ళ పెళ్ళి అంది నోలీన్. తర్వాత చెప్పింది. ఆ దవడకి తీగలున్న ఆరు వారాలు ఇల్లు చర్చిలా ఉందట. అరవలేడు, కొట్టడానికి ఒంట్లో సత్తువ లేదు, సూప్ తాగుతూ టీవీ ముందు. తీగలు తీశాక ఆరు వారాల బాకీ ఒక్కసారే తీర్చుకున్నాడట. నీకు దండం పెట్టాలో, నీ మొహాన ఉమ్మాలో తెలీక వారం వారం నోటికొచ్చింది అంటున్నా అంది.

వెళ్ళి వాడి సంగతి చూస్తా అన్నాను. నిజంగా ఒక అడుగు వేశాను. కట్టు కట్టిన చేత్తోనే నా చొక్కా పట్టుకుంది. నువ్వు వాణ్ణి కొడితే ఆ దెబ్బ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుందే, తెలివితక్కువదానా, నీకింకా అర్థం కాలేదా అంది.

6 జులై

ఏమీ లేదు.

8 జులై

కోరల్ వచ్చింది. టామ్సిన్‌తో నేను ఏమీ చెప్పను, నోలీన్ చెప్పదు, సిస్టర్‌కి తెలీదు అంది. టీ తాగింది. లేస్తూ, కానీ నీకు తెలుసుగా అంది. గోడ కన్నం వైపు చూసింది, వెళ్ళిపోయింది.

11 జులై, మంగళవారం

వెళ్ళనే వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. నోలీన్ తన కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకుంది.

శాలువా తను ఉతికిందట, మెషీన్లో. రక్తం పోయింది. పోకపోతే ఇంకా మంచిదేమో అనిపించింది. కన్నాల చుట్టూ కుట్లు పిన్నులతో పట్టి ఉంచింది. ఎడమ చేత్తో క్రోషియా కొక్కెం తీసుకుని, జారిన మెట్లన్నీ ఒక్కొక్కటీ కింద నుంచి పైకి లాక్కొచ్చింది. లోపలికి, పట్టు, బయటికి. లోపలికి, పట్టు, బయటికి. కుడి చెయ్యి ఒళ్ళో, కట్టుతో. నేను కొనలు దూర్చాను. ఒక్కోదానికి పదేసి కుట్లు. నాకేమీ రానట్టు పక్కన కూర్చుని లెక్కపెట్టింది.

క్షమించేశానని అనుకోకు, పిల్లకీ నాకూ ఏ గొడవా లేదు, అందుకని అంది.

అంచు చుట్టూ కొక్కెంతో అలలు అల్లడం నేర్పించింది. సాయంత్రానికి శాలువా అయిపోయింది. ఎక్కడ తెగిందో నాకు తెలుసు కాబట్టి నాకు కనిపిస్తుంది.

13 జులై, గురువారం, ఉదయం 9

టామ్సిన్‌కి ఫోన్ చేశాను. చెప్పేశాను. ఎవరిని, ఎక్కడ, దేనితో. సూది బల్లలోకి దిగిందని కూడా. కారణం చెప్పబోయి ఆగిపోయాను. ఉమ్మి సంగతి చెప్తే నవ్వుతుందేమోనని ఆశ పుట్టింది, అందుకే చెప్పలేదు.

అవతల పిల్ల ఏడుపు వినిపించింది. మొదటిసారి విన్నాను. టామ్సిన్ ఫోన్ పెట్టేసింది.

15 జులై, శనివారం, మధ్యాహ్నం 3

నోలీన్ నిన్న సంచీతో వచ్చి కోరల్ కొట్టు మేడ మీద గదిలో దిగిందట. పొద్దున కోరల్ ఫోన్ చేసింది. లిండ్సే రెండుసార్లు వీధిలో తిరిగాడు, నువ్వు రా, ఏమీ తేవద్దు, నువ్వు చాలు అంది.

పదకొండింటికి వచ్చాడు. వీధి వైపు రాలేదు. అక్కడంతా గాజు, జనం చూస్తారు. ఇలాంటివి వెనక తలుపు దగ్గరే జరుగుతాయి. నాకు తెలీదా.

పోలీసులు పక్క ఊరి నుంచి రావాలి, అరగంట పడుతుందన్నారు. పాత చెక్క తలుపు, చిన్న గొళ్ళెం. మొదటి తన్నుకే మేకు సగం బయటికొచ్చింది. తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. కాళ్ళు ఎదుటి గోడకి తన్నిపెట్టాను. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి గొళ్ళెం పట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది ఎలా కూర్చున్నానో.

ప్రతి తన్నూ వెన్నులో దిగింది. చెక్క చీలింది, పేడు వీపులో గుచ్చుకుంది. మోచెయ్యి జల్లుమంది. తన్నుకీ తన్నుకీ మధ్య గ్యాప్ ఉంటుంది, అదే అన్నిటికన్నా ఘోరం. వాడు ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. మళ్ళీ ఎప్పుడో తెలీదు. బయటికి రావే, నరుకుతా, ఆ ముసలి గొర్రెని కూడా నరుకుతా అంటున్నాడు. తీసి వాడి దవడ మళ్ళీ విరగ్గొట్టగలను. ఇప్పటికీ. అది ఎంత తేలికో నా ఒళ్ళంతా చెప్తోంది. మేడ మెట్ల మీద నోలీన్ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. తియ్యకు, తియ్యకు అంటోంది, శబ్దం లేకుండా, పెదాలతో.

తియ్యలేదు. నలభై ఒక్క తన్నులు. లెక్కపెట్టాను.

నేను నాలుగు తన్నాను. దానికి పదకొండేళ్ళు.

పోలీసులు వాణ్ణి తీసుకెళ్ళారు. నా వీపులోంచి పేడు కోరల్ తీసింది, పట్టకారుతో. నోలీన్ టీ పెట్టింది. కప్పు నా చేతికి కాదు, పక్కన బల్ల మీద పెట్టింది.

17 జులై, సోమవారం

టామ్సిన్ కోరల్‌కి ఫోన్ చేసిందట. నాకు కాదు. షరతు తప్పింది కాబట్టి ఆ గంట లేదు అందట. కానీ అబద్ధం చెప్పలేదు కదా, దానికేదో ఇవ్వాలి అందట. రేపు రెండింటికి నేను లోపల ఉండాలి, అది వీధిలో ఉంటుంది. మధ్యలో గాజు. తలుపు గొళ్ళెం పెట్టి ఉండాలి. పెట్టేది నేనే.

18 జులై, మంగళవారం

వచ్చింది.

కోరల్ శాలువా బయటికి తీసుకెళ్ళి ఇచ్చింది. టామ్సిన్ అటూ ఇటూ తిప్పి చూసి పిల్లని చుట్టింది. ఎడమ చేతి మీద పెట్టుకుంది. చాపలేని ఆ మోచేతి వంపులో పిల్ల తల సరిగ్గా ఇమిడింది.

గొళ్ళెం నా పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

కొత్త ఊలుతో నాలుగు వరుసలు అల్లాను.